నాన్న రికార్డులకు ఏ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) తీసుకోవాలి?

మాది హనుమకొండ. నాన్న దాచుకున్న రికార్డులు అరవై దాకా ఉన్నాయి. ఎక్కువగా ఎల్పీలు (నిమిషానికి 33 సార్లు తిరిగేవి), పది మాత్రం పాత 78 ఆర్‌పీఎంవి, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగేవి. మొదట చవక ప్లేయర్ తెచ్చాను. దాని సూది బరువుకు నాన్నకు ఇష్టమైన ఎల్పీ గరగరలాడుతోంది. ఆ రోజు ఆయన ముఖం చూడలేకపోయాను. అవే పాటలు ఫోన్‌లో దొరుకుతాయి, నిజమే. కానీ అట్ట కవర్‌లోంచి రికార్డు తీసి, మెల్లగా తుడిచి, సూది ఆనించి ఆయన కళ్లు మూసుకుని వినే తీరు వేరు.

ఈసారి మంచిదే కొంటాను. రేగా ప్లానార్ 3 నచ్చింది, కానీ అందులో 33, 45 వేగాలే ఉన్నాయి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే7లో 78 కూడా ఉంది. 78లకు వెడల్పు సూది వేరే పెట్టాలి కదా, ఇంట్లో మనమే మార్చుకోవచ్చా? వరంగల్‌లో గానీ కరీంనగర్‌లో గానీ కార్ట్రిడ్జ్ (సూది అమర్చి ఉండే భాగం) సరిగ్గా బిగించి, సూది బరువు సెట్ చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాడినవాళ్లు దయచేసి చెప్పండి.