అప్‌డేట్: నేను గీసే మనిషి బిగుసుకుపోతున్నాడని అడిగాను కదా

మూడు నెలల కిందట అడిగాను. బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) రెండో సంవత్సరం, లైఫ్ క్లాసులో, అంటే ఎదురుగా ఉన్న మోడల్‌ని చూసి గీసే క్లాసులో, ఎంత కొలిచి గీసినా మనిషి కొయ్యబొమ్మలా వస్తున్నాడు, పైగా పాదాలు కాగితంలో పట్టడం లేదు అని. ఒకరు పెన్సిల్ పక్కన పెట్టి విల్లో చార్‌కోల్ (విల్లో చెట్టు పుల్లల బొగ్గు) పట్టమన్నారు. ఇంకొకరు కళ్లు, ముక్కు చివరికి వదిలేయమన్నారు. రెండూ చేశాను.

పాదాల సంగతి తేలిగ్గానే తేలింది. నడినెత్తికి, మడమకు ముందే గీతలు పెట్టేసుకుంటున్నాను. మనిషి ఎత్తు అతని తలకు ఏడున్నర రెట్లు అనే లెక్క నిలబడ్డ మనిషికే. మోడల్ కూర్చుంటే చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పుల్లతో కొలవాల్సిందే.

బిగుతు పోవడానికే టైమ్ పట్టింది. రోజూ న్యూస్‌ప్రింట్ (పేపర్లు అచ్చేసే చవక కాగితం) మీద 30 సెకన్ల స్కెచ్‌లు 20, మణికట్టుతో కాకుండా భుజం కదిలిస్తూ. మొదటి వారం అన్నీ గీతల చిక్కుముళ్లే, ఏడుపొచ్చింది.

పోయిన మంగళవారం మోడల్‌గా వచ్చే పెద్దాయన ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డారు. ఆ వైపు తుంటి పైకి లేచింది, అదే వైపు భుజం కిందికి వాలింది. ముందు ఆ రెండు వాలు గీతలే పెట్టాను. మెడ గుంట నుంచి తిన్నగా కిందికి చూస్తే సరిగ్గా బరువు మోస్తున్న ఆ పాదం దగ్గరికే వచ్చింది. బొమ్మ నిలబడింది!

చేతివేళ్లు ఇంకా కుదరడం లేదు, వాటి గురించి మళ్లీ అడుగుతాను. అందరికీ చాలా థ్యాంక్స్.

పెద్దాయన వెళ్తూ బొమ్మ చూసి, "నా నడుం నొప్పి కూడా కనబడుతోందమ్మా" అన్నారు.