మొదటి పాస్టరేటుకు వెళ్తున్నాం: నేను నర్సు ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మా వారు హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో బి.డి. (వేదాంత పట్టా) ముగించారు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం)లోని మా డయోసిస్ (ఒక బిషప్పు పరిధిలోని ప్రాంతం) వారు ఆయనను గోదావరి జిల్లాలో ఒక పాస్టరేటుకు, అంటే ఒక పాస్టరు చూసుకునే సంఘాల సమూహానికి, పంపుతున్నారు. ప్రధాన సంఘం గాక చుట్టూ ఆరు పల్లెల సంఘాలు దాని కింద ఉన్నాయి. ఆయన చదివిన నాలుగేళ్లూ మా ఇల్లు గడిచింది నా స్టాఫ్ నర్సు జీతంతోనే. పిల్లలకు ఐదేళ్లు, ఏడాదిన్నర. మొన్న వచ్చిన కమిటీ పెద్దలు, “స్త్రీల మైత్రి (సంఘంలోని స్త్రీల కూటమి), సండే స్కూలు అమ్మగారు చూసుకుంటారు” అని అడిగినట్టుగా కాక తేల్చేసినట్టుగా అన్నారు. నేను రాజీనామా చేయాలా?

జవాబు 1 (22 ఏళ్లుగా పాస్టరమ్మ):
చేయవద్దమ్మా, కనీసం మొదటి ఏడాది. సంఘంలోని స్త్రీలు ఎసట్లో పోసే ముందు తీసి దాచిన పిడికెడు బియ్యాన్ని ఆదివారం గుడికి తెస్తారు. మా మొదటి ఊరిలో జీతం ఆలస్యమైన నెలల్లో మేము వండుకున్నది అవే. పది ఇళ్ల బియ్యం కలిసిపోవడం వల్ల, కొత్తవి ముద్దయ్యేసరికి పాతవి ఇంకా పలుకుగానే ఉండేవి. ప్రేమతో ఇచ్చినవే, కాదనను, కానీ బడి ఫీజు వాటితో కట్టలేకపోయాము. దగ్గరి పట్టణంలో ఆసుపత్రి వెతుక్కోండి. తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారుతున్నారు గనుక నర్సింగ్ కౌన్సిల్ నమోదు పని ఇప్పుడే మొదలుపెట్టండి.

జవాబు 2 (విశ్రాంత ప్రెస్బిటరు, అంటే పూర్తి స్థాయి గురువు):
ఒక విషయం ముందుగా తెలుసుకోండి. మీ వారికి మొదట డీకనుగా (గురుసేవలో తొలి మెట్టు), ఆ తరువాతే ప్రెస్బిటరుగా అభిషేకం జరుగుతుంది. ప్రెస్బిటరు అయ్యేవరకు ప్రభురాత్రి భోజన సంస్కారానికి వేరొక గురువు రావలసి ఉంటుంది కాబట్టి, ఈ కాలంలో ఆయన పని ఎక్కువగా ఇళ్ల సందర్శన, ప్రసంగం, పల్లెల్లో సాయంకాలపు కూటములు. రాత్రి పదింటికి ముందు ఇంటికి చేరే రోజులు తక్కువ. పిల్లల దగ్గర ఎవరు ఉంటారన్నది మీ ఉద్యోగం కంటే ముందు తేల్చుకోవలసిన మాట. కొన్నేళ్లకు బదిలీ తప్పదు. ఏ ఊరికి వెళ్లినా వెంట వచ్చే వృత్తి మీ చేతిలో ఉంది, దానిని వదులుకోకండి. సి.ఎస్.ఐ. 2013లో పుష్పలలిత గారిని నంద్యాల బిషప్పుగా అభిషేకించింది. స్త్రీకి అంత బాధ్యత అప్పగించిన సంఘంలోనే పాస్టరు భార్యను జీతం లేని రెండవ ఉద్యోగిగా లెక్కవేసే అలవాటు ఇంకా పోకపోవడం నాకు బాధగా ఉంది.

జవాబు 3 (ఒక పాస్టరేటు కమిటీ కోశాధికారి):
పెద్దల పక్షాన ఒక మాట. మా ఊళ్లో ఆడవాళ్లు తమ కష్టాన్ని పాస్టరు గారితో చెప్పుకోలేరు, అమ్మగారితోనే చెప్పుకుంటారు. ఆమె ఇంట్లో లేకపోతే తలుపు దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతారు. అందుకే అలా అడుగుతారు తప్ప చాకిరీ చేయించుకోవాలని కాదు. మీ డ్యూటీ రోజులు, ఇంట్లో ఉండే రోజులు మొదటి సమావేశంలోనే చెప్పేయండి, ముఖ్యంగా డిసెంబరులో, ఇంటింటికీ క్రిస్మస్ పాటలకు తిరిగే వారాలవి. మరొకటి, పాస్టరు గారి ఇంటి కప్పు, మోటారు, మరుగుదొడ్డి సామాను దించక ముందే చూసుకోండి. దిగిన తరువాత మరమ్మతుకు కమిటీ తీర్మానం కావాలి, దానికి ఎన్ని నెలలు పడుతుందో కోశాధికారిగా నాకు తెలుసు.

అడిగిన సోదరి:
అందరికీ కృతజ్ఞతలు. రాజీనామా ఇవ్వడం లేదు, మూడు నెలల సెలవు అడిగాను. మా అత్తమ్మ మాతో రావడానికి ఒప్పుకున్నారు. శనివారం ఇల్లు చూసి వస్తాము. కప్పు సంగతి అడిగితే, “వానాకాలంలో ఒక మూల కొంచెం” అని పెద్దలు ఫోనులో ఆగిపోయారు.