ముందుకాళ్లు రాగానే చనిపోతున్న చెట్టుకప్ప పిల్లలు

పెరట్లో సిమెంటు తొట్టి అంచున చెట్టుకప్ప పెట్టిన నురుగు గూటి నుంచి నీటిలోకి జారిన తోకకప్పలు, వెనుకకాళ్లు వచ్చేదాకా చురుగ్గా పెరిగి, ముందుకాళ్లు పొడుచుకొచ్చిన మర్నాటికే, తోక ఇంకా కుదించుకుపోకముందే, వెల్లకిలా తేలుతున్నాయి. ఊపిరితిత్తులతో గాలి పీల్చాల్సిన దశ కనుక మునిగిపోతున్నాయేమోనని ఏటవాలుగా బండ పెట్టి, నీటిని నాలుగు వేళ్ల లోతుకు తగ్గించాను. క్లోరిన్ అనుమానంతో కుళాయి నీటిని రోజంతా ఎండలో ఉంచాకే పోస్తున్నాను. ఉడికించిన పాలకూర తప్ప వేరే మేత వేయలేదు. ఈ దశలో అదీ ముట్టవు, నోరు మారే సమయంలో అది సహజమే. చనిపోయినవాటికి పుండ్లు, బూజు లేవు గానీ, ముందుకాళ్లు దారప్పోగుల్లా సన్నగా, ఒంటి బరువు మోయలేనట్లున్నాయి. తొట్టిలో మిగిలినవాటికి కాళ్లు బలంగా రావాలంటే మేతలో గానీ నీటిలో గానీ ఇప్పుడు ఏమి మార్చాలి?