గిడుగు వారిని ఉద్యమకారుడిగా కాక అధ్యాపకుడిగా పరిచయం చేయడం ఎలా?

ప్రశ్న (చరిత్ర మాస్టారు):
మిత్రులకు నమస్కారం. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మా డిగ్రీ విద్యార్థుల ముందు గిడుగు వెంకట రామమూర్తి గారి గురించి మాట్లాడవలసి ఉన్నది. ప్రతి ఏటా వ్యావహారిక భాష గురించి అవే నాలుగు మాటలు చెప్పి, పటానికి దండ వేసి ముగిస్తున్నాము. ఈసారి, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలన్న ఆ ఉద్యమాన్ని పక్కన పెట్టి, పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషిగా, ఆ ఊరికీ చుట్టుపక్కల కొండలకూ మేలు చేసిన మనిషిగా ఆయనను చూపించాలని అనుకుంటున్నాను. అది సాధ్యమేనా?

జవాబు (వంశధార):
ఉద్యమాన్ని పక్కన పెట్టనక్కరలేదండీ, అది ఎక్కడ మొలకెత్తిందో చూపిస్తే చాలు. తండ్రి పోయి ఇంటి బరువు మీద పడటంతో మెట్రిక్యులేషన్ కాగానే, 1880లో, ఆయన పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతుల ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులై, తరువాత అక్కడి కళాశాల తరగతులకు పాఠం చెప్పారు. తెలుగు పండితుడని చాలామంది పొరపడతారు గాని ఆయన చెప్పినది మీలాగే చరిత్ర. శ్రీముఖలింగం ఆలయ శాసనాలను చదవడం కోసం పాత లిపులను సొంతంగా నేర్చుకున్నారు. మీ విద్యార్థులకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇక ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనుల విషయం. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు; మాటలు, పాటలు, కథలు సేకరించి పాఠ్యపుస్తకాలు రాశారు; సొంత డబ్బుతో బడులు నడిపారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగుతో దానికి చుట్టరికం లేదు, కాబట్టి కొండ మీది పిల్లవాడికి తెలుగు వాచకం ఇస్తే అతడికి చదువూ రాదు, భాషా రాదు. 1907లో పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగినప్పుడు, సవర పిల్లల బడుల్లో అదే చిక్కును అంతకుముందే చూసిన ఈ మాస్టారికి జవాబు వెతుక్కోవలసిన పని లేకపోయిందని నా అభిప్రాయం. (ఆయన గురించి ఇంత బరువైన తెలుగులో రాస్తున్నందుకు ఆయనే నవ్వుకునేవారేమో.)

జవాబు (పాత అటక):
పై జవాబుకు ఒక్క చేర్పు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారని చెబుతారు. అయితే దీనిని త్యాగగాథగా సాగదీయవద్దని నా మనవి. 1911లో ఉద్యోగ విరమణ చేసిన మనిషి సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వినబడని చెవులతో, డెబ్భై అయిదేళ్ల వయసు దాకా ఒక భాష మాటలను ఓపికగా కూర్చుకుంటూ పోవడం కన్నీళ్లకన్నా ఎక్కువ ఆకట్టుకునే విషయం. కుమారుడు సీతాపతి గారూ ఆ పనిలోనే నడిచారు.

జవాబు (సరిహద్దు):
ఊరి సంగతి మరవకండి. ఆయన పుట్టినది శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో. బతుకంతా ధారపోసినది మాత్రం పర్లాకిమిడికి. ఆ ఊరిని ఒరిస్సాలో కలపడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిపోయేసరికి, డెబ్భై రెండేళ్ల వయసులో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. 1940 జనవరి 22న ఆయన కన్నుమూసే నాటికి పర్లాకిమిడి మరో రాష్ట్రపు పట్టణం.

ప్రశ్న అడిగినవారు (చరిత్ర మాస్టారు):
ముగ్గురికీ ధన్యవాదాలు. ఉద్యమంతో కాక శాసనాలతో మొదలుపెట్టి, అక్కడి నుంచి సవర బడులకు వెళతాను. ఈసారి వేదిక మీద దండ వేసిన పటం పక్కన ఒక భౌగోళిక పటం కూడా ఉంచి, శ్రీముఖలింగం సరిహద్దుకు ఇటు, పర్లాకిమిడి అటు ఎక్కడ ఉన్నాయో విద్యార్థుల చేతనే గుర్తింపజేస్తాను.