ఎంకేవీని ఎంపీ4 చేస్తే టీవీలో శబ్దం వస్తుందా?

ప్రశ్న: 2 జీబీ ఎంకేవీ ఫైల్. పెన్‌డ్రైవ్‌లో పెడితే టీవీలో బొమ్మ బాగానే వస్తోంది, శబ్దం లేదు. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో ఎంపీ4 చేస్తే సరిపోతుందా?

జవాబు 1: ఎంకేవీ, ఎంపీ4 రెండూ పైడబ్బాలే అండి. అసలు తేడా లోపలి కోడెక్‌లో, అంటే బొమ్మనీ శబ్దాన్నీ కుదించి దాచే పద్ధతిలో. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో ఫైల్ ఆడిస్తూ కంట్రోల్+జె నొక్కండి. ఆడియో డీటీఎస్ (ఒక రకం ఆడియో కోడెక్) అని ఉంటే దొంగ దొరికినట్టే, చాలా టీవీలు దాన్ని చదవవు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత కన్వర్టర్ ప్రోగ్రామ్‌లో వీడియోకి 'కాపీ' (ఉన్నది ఉన్నట్టు), ఆడియోకి 'ఏఏసీ' (చాలా టీవీలు చదివే ఆడియో కోడెక్), బిట్‌రేట్ 192కె ఇవ్వండి. బొమ్మ నాణ్యత చెక్కుచెదరదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

జవాబు 2: ఆన్‌లైన్ సైట్లు చాలావరకు వీడియోనూ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తాయి (కొత్తగా కుదిస్తాయి), నాణ్యత పడిపోతుంది. పైగా 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద 2 జీబీ ఎక్కడానికే 27 నిమిషాలు! వాట్సాప్ క్లిప్పులకైతే సరే. ఇంటి వీడియోలు మాత్రం పెట్టకండి, అవి పరాయివాళ్ల సర్వర్‌లోకి వెళ్తాయి.

జవాబు 3: సబ్‌టైటిల్స్ ఉంటే ఎస్ఆర్‌టీ (సబ్‌టైటిల్ టెక్స్ట్ ఫైల్)గా విడదీసి, వీడియో పేరుతోనే పక్కన పెట్టండి.