మేడ మీంచి తీసిన కృత్తికల చుట్టూ నీలిపొర: నిజమా, లెన్సు మాయా?

మేడమీద_చుక్కలు
హైదరాబాద్‌లో మా మేడ మీంచి మొన్న రాత్రి కృత్తికల చుక్కల గుంపుని ఫోటో తీశాను. 135 ఎంఎం లెన్సు, ఎఫ్ 2.8, ఆకాశంతో పాటు కెమెరాని తిప్పే ట్రాకర్ మీద 20 సెకన్ల ఫ్రేములు 180. మొత్తం గంట. సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ ఒకటిగా కలిపి (స్టాక్ చేసి), మసక వెలుగుని కాస్త పైకి లాగితే చుక్కల చుట్టూ నీలిపొర బయటపడింది! సంబరపడి వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకాయన "అది నెబ్యులా (చుక్కల మధ్య మేఘం) కాదు, లెన్సు మసక" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఊరి నడిబొడ్డు నుంచి ఆ నీలం నిజంగా రాదంటారా?

నల్లమల_చీకటి
ఆ ఒకాయన్ని నేనే. ఇక్కడా అదే మాట. కోపం కాదు తమ్ముడూ, లెక్క. నగరంలో ఆకాశం వెలుగు చదరపు ఆర్క్‌సెకనుకి 18 మాగ్నిట్యూడ్ల దగ్గర ఉంటుంది (ఈ కొలతలో అంకె తగ్గేకొద్దీ వెలుగెక్కువ). అడవి అంచున మా అత్తగారి పొలంలో 21.5. ఆ మూడున్నర తేడా అంటే నీ మేడ మీద ఆకాశం సుమారు 25 రెట్లు వెలుగన్నమాట. మసక వస్తువు అదే నాణ్యతతో రావాలంటే నా గంటకి నీకు 25 గంటలు పడుతుంది. పైగా సాచురేషన్ లాగితే ఏ తెల్లచుక్కకైనా నీలం అంచు పుట్టుకొస్తుంది.

తెనాలి_లెన్సమ్మ
అన్నగారూ, 25 గంటలు "అదే నాణ్యతకి". అసలు కనబడటానికి అంత అక్కర్లేదు కదా? కృత్తికల్లోని మెరోపి చుక్క పక్కనున్న పొర ఆ నెబ్యులాలో బాగా వెలిగే భాగాల్లో ఒకటి. 1859లో టెంపెల్ అనే ఆయన వెనిస్‌లో 4 అంగుళాల దుర్భిణిలో కంటితోనే చూశాడు, అద్దం మీద ఊపిరి మరకలా ఉందన్నాడు. తర్వాత కొందరు అంతకన్నా పెద్ద దుర్భిణుల్లో చూసి "ఏదీ, లేదే" అన్నారు. ఏళ్ల తరబడి ఇదే తగువు. 1885లో పారిస్‌లో హెన్రీ సోదరులు కృత్తికల్లోనే మాయా అనే నక్షత్రం దగ్గరి పొరని ఫోటో ప్లేటు మీద పట్టారు. కాబట్టి "రాదు" అని ఎవరినీ కొట్టిపారేయకండి.

అలాగని ఈ ఫోటోలో ఉన్నది నెబ్యులాయేనని నేనూ అనడం లేదు.

కొత్త_కెమెరా
డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పెడితే నగరం వెలుగు పోతుందట కదండీ?

తెనాలి_లెన్సమ్మ
పోతుంది, దాంతోపాటు ఈ పొర కూడా పోతుంది. ఇది సొంతంగా వెలిగే వాయువు కాదు, చుక్కల వెలుగుని చెదరగొట్టే ధూళి. 1912లో స్లైఫర్ అనే ఆయన అమెరికాలోని లోవెల్ అబ్జర్వేటరీలో దీని వర్ణపటం తీస్తే పక్కనున్న చుక్కదీ దీనిదీ ఒక్కలాగే వచ్చింది. ఆ ఫిల్టర్ రెండు మూడు సన్నటి రంగుల్ని తప్ప దేన్నీ రానివ్వదు. డబ్బులు దాచుకోండి.

డాలస్_బాబాయ్
మా వీధిలో సోడియం దీపాలున్నప్పుడు పాత రకం ఫిల్టర్లు కొంత పనిచేసేవి. తెల్ల ఎల్‌ఈడీలు వచ్చాక అవీ మూలపడ్డాయి. చీకటి కోసం డ్రైవ్ చేయడమే.

సీస్టార్_సోమయ్య
గుచ్ఛం అంటే చుక్కల గుంపయ్యా! అందరూ పొర వెంట పడతారేం? కృత్తికల వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు, ప్రధాన చుక్కలన్నీ నీలి తెలుపే. కర్కాటకంలో ఎం67 అనే గుచ్ఛం వందల కోట్ల ఏళ్లనాటిది, పసుపూ నారింజా చుక్కలు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే గుచ్ఛాల కథంతా వచ్చేస్తుంది, దానికి మేడ చాలు. (నా సీస్టార్ అనే స్మార్ట్ దుర్భిణిలో కృత్తికలు ఒక్క ఫ్రేములో పట్టవు, అది వేరే ఏడుపు.)

నల్లమల_చీకటి
సోమయ్య గారూ, ద్రాక్ష పుల్లన అన్నట్టుంది.

తెనాలి_లెన్సమ్మ
తగువు తీరే దారి చెప్తాను. హస్తలో గామా కార్వి అనే చుక్క ఉంది, ప్రకాశం (మాగ్నిట్యూడ్) 2.6. కృత్తికల్లో పెద్దదైన ఆల్సియోన్ 2.9. రెండూ ఇంచుమించు ఒకే నీలి తెలుపు, హస్త దగ్గర ఇలాంటి పొర లేదు. రాత్రి ఒంటిగంటకి హస్త పైకొచ్చాక అదే లెన్సు, అదే ఎఫ్ 2.8, అన్నే ఫ్రేములు తీయండి. ప్రాసెసింగ్‌లో స్లయిడర్లు కూడా కదపొద్దు. దానికీ నీలం వలయం వస్తే తప్పు లెన్సుది.

మేడమీద_చుక్కలు
మూడు రోజులకి వచ్చాను, నిద్ర సరిపోక కళ్లు మండుతున్నాయి. గామా కార్వి చుట్టూ నీలి వలయం శుభ్రంగా వచ్చింది. వెడల్పు 12 పిక్సెళ్లు, ఆల్సియోన్‌దీ అంతే, కృత్తికల్లోనే ఇంకో చుక్క అట్లాస్‌దీ దాదాపు అంతే. సిగ్గేసింది. నిన్న సాయంత్రం లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 4కి మూసి కృత్తికలు మళ్లీ తీశాను. వలయాలు చాలావరకు పోయాయి. మెరోపికి దక్షిణంగా మాత్రం విసనకర్ర విప్పినట్టు ఒక మసక మిగిలింది. ఎఫ్ 4లో గామా కార్వి కూడా తీశాను, దానికి అలాంటిదేమీ లేదు.

నల్లమల_చీకటి
వలయాలు లెన్సువని ఒప్పుకున్నావు, సంతోషం. మిగిలిన మసక నేల మీది దీపాల గ్రేడియెంట్ (ఒక వైపు నుంచి పాకే వెలుగు) అయ్యుండొచ్చు. మీ ఇంటికి దక్షిణాన ఏముంది?

మేడమీద_చుక్కలు
ఫంక్షన్ హాలు.

నల్లమల_చీకటి
😀 ఇంకేం మరి. ఏడింటి ఫ్రేములు ఒక కట్ట, తొమ్మిదింటివి ఒక కట్టగా విడివిడిగా స్టాక్ చెయ్యి. ట్రాకర్ కృత్తికల్ని ఫ్రేములో కదలనివ్వదు, కానీ అవి పడమటికి వాలేకొద్దీ నేల దీపాల వెలుగు వచ్చే దిక్కు ఫ్రేములో తిరుగుతుంది. మసక రెండింట్లోనూ ఒకే చోట ఉంటే కృత్తికలది. జరిగితే ఫంక్షన్ హాలుది. ఏదైనా సరే, శివరాత్రికి మా పొలానికి రా. మర్నాడు అమావాస్య, తొమ్మిదిన్నర దాకా కృత్తికలు బాగానే ఎత్తులో ఉంటాయి, ఎలాగూ జాగారమే. శ్రీశైలం రోడ్డు మాత్రం పట్టొద్దు, ఆ రాత్రి దారంతా హెడ్‌లైట్లే.

తెనాలి_లెన్సమ్మ
పొలానికి వెళ్లండి, కానీ ముందు మేడ పరీక్ష పూర్తి చేయండి. అక్కడ బ్రహ్మాండంగా వస్తే ఇక్కడిది ఏమిటో ఎప్పటికీ తేలదు.

మేడమీద_చుక్కలు
చేస్తాను మేడం. మాఘం కదా, ఈ రాత్రి హాల్లో పెళ్లి, దీపాలన్నీ వేస్తారు. కెమెరా బిగించేశాను.