కాలువలో నానిన జుట్టులో ఆర్సెనిక్: తిన్నదా, నీళ్లలోంచి పట్టిందా?

కోనసీమ కాలువలో కొన్ని రోజులు నానిన శవం తలవెంట్రుకలు పరీక్షించాలి. నమూనా పద్ధతిగానే ఉంది: మాడు వెనక నుంచి పెన్సిలంత కట్ట, చర్మానికి ఆనించి కత్తిరించి, కుదురు వైపు దారం కట్టి, ఫాయిల్‌లో చుట్టి కాగితపు కవర్లో పెట్టారు. పొడవు 12 సెం.మీ.; నెలకు సుమారు 1 సెం.మీ. లెక్కన ఏడాది చరిత్ర.

చిక్కంతా కడగడం దగ్గరే. అసిటోన్, మూడుసార్లు డీఅయోనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు, మళ్లీ అసిటోన్ వాడుతున్నాం. కానీ ఆర్సెనిక్ జుట్టులోని ప్రోటీన్ అయిన కెరటిన్‌లోని సల్ఫర్‌ను పట్టుకుంటుంది, బయటినుంచి ఇంకినదీ పూర్తిగా వదలదు. గట్టిగా కడిగితే అసలుదీ కొంత పోతుంది.

అందుకే 1 సెం.మీ. ముక్కలు చేసి ఐసీపీ-ఎంఎస్‌లో (మూలకాలను అతి కొద్ది మోతాదులోనూ కొలిచే యంత్రం) విడివిడిగా చూద్దామని. విడతలుగా విషం పెట్టి ఉంటే కొన్ని ముక్కల్లోనే ఎక్కువ కనిపించాలి. నీళ్లదైతే పొడవునా ఉంటుంది, దెబ్బతిన్న కొసల్లో ఇంకాస్త ఎక్కువ. చివరి వారంలో పెట్టినది చర్మం దాటి రాదు కనుక కుదుళ్లతో పీకినవీ, గోళ్లూ విడిగా ఉంచాం.

ఇలాంటివి చేసినవారు చెప్పండి: ఆర్సెనిక్ లేని జుట్టును అదే కాలువ నీళ్లలో, అడుగు బురదతో కలిపి నానబెట్టి పోల్చితే కోర్టులో నిలుస్తుందా? ఎన్ని రోజులు నానబెట్టాలి? ప్రతి కడుగు నీళ్లనూ కొలవాలా, చివరిది చాలా? వేసవిలో కాలువలు కట్టేస్తే ఆ నీళ్లు మళ్లీ దొరకవు, దయచేసి త్వరగా చెప్పండి.